ఆదివారానికి నీళ్లొదిలినారు

శేషన్నకు కూర్చోవడం చేతకాదు. కర్నూలు–కడప ఎక్స్‌ప్రెస్‌లో కండక్టరు ఉద్యోగమంతా నిలబడే చేశాడు. సీటు ఖాళీగా ఉన్నా కడ్డీకి ఆనుకునే టికెట్లు కొట్టేవాడు. రిటైరైన రోజు డిపోలో దండ వేసి కుర్చీలో కూర్చోబెడితే, సన్మానం సగంలో ఉండగానే లేచి, వెనక నిలబడ్డ వాళ్లను “ముందుకు జరగండప్పా, ముందుకు జరగండి” అని సర్దడం మొదలుపెట్టాడు. ఇంట్లో అన్నం కూడా గడప దగ్గర నిలబడి, కంచం చేత్తో పట్టుకునే తింటాడు. ఆయన కూర్చోగా భార్య గంగక్క చూసింది పెళ్లిపీటల మీదే. అక్కడ కూడా పురోహితుడు రెండుసార్లు భుజం పట్టి కిందికి నొక్కాల్సి వచ్చిందని ఆమె చెబుతుంది.

అలాంటి మనిషి రిటైరైతే ఇల్లు ఏం కావాలి? వంటింటి నుంచి వీధి దాకా, వీధి నుంచి వంటింటి దాకా రోజంతా తిరిగేవాడు. గంగక్క తాలింపు వేస్తుంటే పక్కనుంచి గాలిలా పోయేవాడు, ఆవాలు చిటపటలాడేలోగా మళ్లీ వచ్చేవాడు. చివరికి ఆమే విసిగి, “ఆ తిరిగేదేదో బయట తిరుగుపోయ్యా, గచ్చు అరిగిపోతాండాది” అంది.

అలా మొదలైంది ఆదివారం నడక. పొద్దున్నే వినాయక ఘాట్ దగ్గర జనాన్ని పోగేసి, కేసీ కాలువ గట్టు వెంట హంద్రి ఏరు దాకా తీసుకుపోవడం. “కేసీ అంటే కర్నూలు–కడప. నేను తిరిగిందీ కర్నూలు–కడపే. కాలువదీ నాదీ ఒకే రూటు” అని ఆయన తేల్చేశాడు. మెడలో పాత విజిల్ ఉంటుంది. ఒకసారి ఊదితే ఆగాలి, రెండుసార్లు ఊదితే కదలాలి. దొరల కాలంలో కట్టిన రాతిగోడ చూపిస్తాడు. పడవల తాళ్లు ఒరుసుకుని అరిగిందంటూ ఒక రాయి చూపిస్తాడు. ఆ రాయి బర్రెలు వీపు గోక్కుని అరిగిందని పక్కింటి వాళ్లంటారు, అది వేరే సంగతి. ఇక ఆ పడవల మీద తన ముత్తాతే కండక్టరనీ, ఒకరోజు జోహరాపురం దగ్గర మొసలి పడవెక్కితే దించకుండా హాఫ్ టికెట్ కొట్టాడనీ చెబుతాడు. హాఫ్ ఎందుకంటే, తోక నీళ్లలోనే ఉంది కదా.

కథలు బాగానే ఉన్నా జనం పలచబడ్డారు. ఎండాకాలంలో కాలువలో నీళ్లు లేవు, వాసన మాత్రం ఉంది. జూన్ చివరి ఆదివారం నడకకు వచ్చింది ఒక్కడే. వాడు తప్పిపోయిన బర్రెను వెతుక్కుంటూ వచ్చాడు. బర్రె దొరకగానే మొసలి కథ మధ్యలో వెళ్లిపోయాడు.

గంగక్క అదే అదను చూసుకుంది. ఆమె తమ్ముడు రామకృష్ణకు బళ్లారి చౌరస్తా దగ్గర సిమెంటు దుకాణం ఉంది. కౌంటరులో నమ్మకమైన మనిషి కావాలని ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడు.

“వచ్చే ఆదివారం ఒక్కటి చూస్తా,” అంది గంగక్క. “జనం రాకపోతే సోమవారం పొద్దున నువ్వు దుకాణంలో కూచోవాల.”

“నిలబడితే కాదా?”

“కూచోవాల. మెత్త వేసిన కుర్చీ కొన్నాడు వాడు.”

శేషన్న రెండడుగులు వెనక్కు వేశాడు. మెత్త వేసిన కుర్చీ! మనిషి ఒకసారి అందులో దిగబడితే లేచేదెప్పుడు?

ఆ వారం అదృష్టం ఫోన్ చేసినట్టు శివాని అనే కాలేజీ లెక్చరర్ ఫోన్ చేసింది. తన హిస్టరీ క్లాసు పిల్లలను ఆదివారం తీసుకొస్తుందట. బాగుంటే నెలకో బ్యాచ్ తెస్తుందట. “కాలువలో నీళ్లుంటాయా సార్? పారే కాలువ చూపిస్తానని పిల్లలకు మాటిచ్చాను. ఎండిన కాలువైతే మళ్లీ రారు.”

“నిండుగా ఉంటాయి మేడమ్. తువ్వాలు తెచ్చుకోమనండి, తుంపర పడుతుంది.”

అనేశాడు గానీ, ఆ క్షణం నుంచి కాళ్లు నేల మీద ఆగలేదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి గట్టు మీదికి పోయి పైకి చూసేవాడు. ఆకాశంలో మబ్బులు పడమరగా కదిలితే వాటి మీదా విజిల్ ఊదాలనిపించేది. సుంకేసుల ఆనకట్ట దగ్గర కాలువకు నీళ్లు వదిలే లస్కరు సైఫుల్లా పాత పరిచయస్థుడు. ఒకప్పుడు శేషన్న బస్సులోనే అత్తగారింటికి పోయినవాడు. శనివారం అతనికి ఫోన్ కొట్టాడు. అవతల గాలి హోరు.

“సైఫుల్లా, ఆదివారానికి ఏం చేసినారప్పా?”

“ఆదివారానికా?” గాలిలోంచి సైఫుల్లా అరిచాడు. “ఆదివారానికి నీళ్లొదిలేసినాంలే శేషన్నా!”

శేషన్న ఎగిరి గంతేశాడు. వీధిలో కనబడ్డ ప్రతివాడికీ నీళ్లొస్తున్నాయని చెప్పాడు. గంగక్కకు రెండుసార్లు చెప్పాడు. తెల్లారేదాకా పక్క మీద దొర్లి, కోడి కూయకముందే ఘాట్ మెట్ల మీద నిలబడ్డాడు.

కాలువ ఎండిపోయి ఉంది. నిన్నటికన్నా ఎండినట్టుంది.

మళ్లీ ఫోన్ కొట్టాడు. “ఏమప్పా, నీళ్లొదిలినామంటివి, యాడ నీళ్లు?”

“అయ్యో, నేనన్నది అది కాదు శేషన్నా,” నిద్రగొంతుతో అన్నాడు సైఫుల్లా. “ఏట్లో నీళ్లు తూము ఎత్తుకు అందలేదు. అందుకే ఆదివారం మీద ఆశ వదిలేసినామంటి. నీళ్లొదిలేసినామంటే నీళ్లొదిలేసినామనుకుంటే ఎట్లప్పా?”

తెలుగు మాటే మోసం చేసింది. ఎవరిని తిట్టాలో తెలియక శేషన్న మెట్ల మీద పైకీ కిందికీ నాలుగుసార్లు తిరిగాడు. ఆ తిరుగుడులోనే కాలేజీ పిల్లలు దిగారు. అందరి భుజాల మీదా తువ్వాళ్లు.

భూపేష్ అనే పిల్లగాడు కాలువలోకి తొంగి చూసి, “తాతా, తుంపర యాడుండాది? ఈ తువ్వాలతో చెమట తుడుచుకోవాల్నా?” అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. శివాని నవ్వలేదు. చేతిగడియారం చూసుకుంది. అది మరీ ప్రమాదం.

శేషన్న కళ్ల ముందు మెత్త కుర్చీ గిర్రున తిరిగింది. గట్టు మీద ఈ పిల్లలు ఇక ఒక్క అడుగు వేయరు. వెనక్కు పంపిస్తే సోమవారం వస్తుంది. ఆ కంగారులో ఏం చేస్తున్నాడో తనకే తెలియకుండా చివరి మెట్టు దిగి, కాలువ అడుగున నిలబడి, విజిల్ రెండుసార్లు ఊదాడు.

“ముందుకు జరగండప్పా! గట్టు మీద నడిచేది అందరూ నడుస్తారు. కాలువలో నడిచే బండి ఇదొక్కటే. మళ్లా నీళ్లొస్తే ఈ రూటు బందు!”

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరువాత భూపేష్ దిగాడు, వాడి వెనక అందరూ దిగారు. తువ్వాళ్లు ముక్కులకు కట్టుకున్నారు. ఆ విధంగా అవి పనికొచ్చాయి.

అడుగున ఉన్న ఊరు వేరు. నిమజ్జనం నాటి వినాయకుల ఇనుప చట్రాలు పక్కటెముకల్లా నిలబడి ఉన్నాయి. బురదలోంచి ఒక రంగు వెలిసిన చెయ్యి అభయమిస్తోంది. టైర్లు, జత తప్పిన చెప్పులు, ఎవరింటి నుంచో నేరుగా దిగే మురికి పైపు, ఆ పైపు కింద మిగిలిన నల్లటి మడుగులో ఒంటికాలి మీద ఒక కొంగ. పైనుంచి ఎప్పుడూ కనబడని రాతిగోడ కింది వరసలు ఇప్పుడు తల కన్నా ఎత్తుగా ఉన్నాయి. శేషన్నకు కూడా ఇదంతా కొత్తే. మొసలి కథ చెప్పడం మరిచిపోయాడు. పిల్లల కన్నా ముందు నడుస్తూ, “అదేంది, ఇదేంది” అని తనే అడుగుతూ పోయాడు. శివాని గోడ రాళ్ల మీద ఉలి గుర్తులు వేలితో తడిమి చూసింది. మళ్లీ గడియారం చూడలేదు.

కాలువ వంతెనలా హంద్రిని దాటే చోట అందరూ ఆగారు. కాళ్ల కింద కాలువ, దాని కింద ఏరు. “మనం ఇప్పుడు ఎవరి మీద నిలబడ్డాం తాతా?” అని భూపేష్ అడిగితే, “రెండింటి నెత్తిన” అన్నాడు శేషన్న. విజిల్ ఊదడానికి మాత్రం ఊపిరి మిగల్లేదు.

“వచ్చే బ్యాచ్‌కు కూడా ఇదే చూపించండి సార్, కాలువ లోపలే,” అంది శివాని పోతూ.

సోమవారం కుర్చీ తప్పింది. గురువారం సైఫుల్లా నుంచి ఫోన్.

“శేషన్నా, నీళ్లొదిలినాం!”

“దేనికి? విడమరిచి చెప్పు.”

“కాలువకప్పా! నీళ్లు, తడి నీళ్లు!”

సాయంత్రానికి ఘాట్ దగ్గరికి నీళ్లొచ్చాయి. ముందు నురుగు, నురుగు మీద చెప్పులు, వెనక ఎర్రటి వరద. ఊరంతా గట్టెక్కి చూసింది. శేషన్న కూడా చూశాడు. కళ్లకు చల్లగా ఉంది. కానీ వచ్చే బ్యాచ్‌కు ఏం చూపించాలి?

గంగక్క పక్కకు వచ్చి నిలబడింది. “నీ రూటు మునిగిపోయినట్టుండాదే. తమ్మునికి చెప్పేదా?”

ఆయన జవాబిచ్చేలోగా వెనకనుంచి కేకలు. కబురు తెలిసి భూపేష్, వాడి స్నేహితులు సైకిళ్ల మీద వచ్చారు, క్లాసులో లేని వాళ్లను కూడా వెంటబెట్టుకుని. “ఆ చెయ్యి ఈడనే ఉండె, చూడు! ఇంతెత్తు నీళ్లు మన నెత్తి మీద!” అని తాము నడిచిన చోటు వేలు పెట్టి చూపిస్తున్నారు. రానివాళ్లు నోరు తెరుచుకుని వింటున్నారు. మునిగిన దారి చూడటానికి గట్టు వెంట అప్పుడే నడుస్తున్నారు కూడా.

శేషన్న విజిల్ రెండుసార్లు ఊదాడు. “ముందుకు జరగండప్పా!” గంగక్క కూడా ఒక అడుగు ముందుకు వేసింది, ఎందుకు వేసిందో ఆమెకే తెలియదు.

హంద్రి దాకా పోయి ఇంటికొచ్చాక, పడుకోబోతూ శేషన్న సైఫుల్లాకు ఫోన్ చేశాడు.

“సైఫుల్లా, ఈ నీళ్లు మళ్లా ఎప్పుడు...” అని ఆగిపోయాడు. ఈ కరువు గడ్డ మీద పుట్టి, నీళ్లు ఎప్పుడు ఆపుతారని అడిగే నోరుంటుందా?

“ఎప్పుడు ఏందప్పా?”

“ఏం లేదులే. నువ్వు బాగుండావా అని.”

ఫోన్ పెట్టేసి, లేచి, వంటింటి నుంచి వీధి దాకా ఒకసారి తిరిగొచ్చాడు.