మురళి రాసిన ప్రోగ్రాం

ఈ రోజు రేణిగుంటలో తెలిసిన సరోజమ్మ లారీ ఆఫీసుకు వెళ్లాను. ఏ లారీలో ఏ సరుకు ఎక్కిందో చూపించే అక్కడి లోడింగ్ ప్రోగ్రాం ఆమె తమ్ముడు మురళి పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసింది. అతను పోయినేడు చనిపోయాడు. తెరవగానే తెర మీద "అక్కా, వచ్చినావా" అని పడుతుంది.

కొత్త బిల్లుల ప్రోగ్రాంకు పైథాన్ కొత్త వెర్షన్ కావాలి. దాన్ని ఎక్కిస్తే పాతదాన్ని తీసేస్తానని, కంప్యూటర్లో ప్రోగ్రాంలు ఎక్కించి తీసే ప్యాకేజీ మేనేజర్ తెర మీద చూపించింది. పాతది పోతే మురళి ప్రోగ్రాం నడవదు.

"రెండూ పెట్టలేవా అప్పా?" అని ఆమె కంప్యూటర్లు బాగుచేసే రమణను అడిగారు.

"ఈ మిషన్లో రెండూ కొట్టుకుంటాయక్కా. మురళి ఉంటే మార్చి రాసిచ్చేవాడు."

"వాడుంటే నిన్నెందుకు పిలుస్తానబ్బా."

బయట లారీలు బిల్లుల కోసం ఆగి ఉన్నాయి. ఆమె కాసేపు తెర వైపు చూసి, "తీసెయ్" అన్నారు.

వెర్షన్ మార్చడాన్ని ఇన్నాళ్లూ చిన్న పనే అనుకున్నాను. మీకూ ఇలాంటిది తీసేయాల్సి వచ్చిందా?