సినిమాలో మా అమ్మ

మా తమ్ముడి జీవితం మీద సినిమా తీస్తామని వచ్చినవాళ్లు ఒక మధ్యాహ్నమంతా మా ఇంట్లోనే కూర్చున్నారు. అమీర్‌పేటలో, అమ్మాయిల హాస్టల్ పైన రెండు గదుల ఇల్లు మాది. అమ్మ వాళ్లకు టీ ఇచ్చి, ఫ్యాను వాళ్ల వైపు తిప్పి, అడిగిందల్లా చెప్పింది.

"మీరు జర కూడా ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా. మస్తు గౌరవంగ తీస్తం" అన్నాడు దర్శకుడు.

చెప్పడానికి అమ్మ దగ్గర చాలానే ఉంది. నాన్న పోయాక గుంటూరు నుంచి మమ్మల్నిద్దర్నీ తీసుకొచ్చి, పంజాగుట్టలో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సుగా చేసి పెంచింది. తమ్ముడు బొమ్మలు నేర్చుకుంటానంటే కాలేజీలో చేర్పించింది. అక్కడ చేరిన రెండో ఏడు వాడికి నిద్ర పట్టడం మానేసింది. తలుపుల మీద, గోడల మీద, చివరికి గ్యాస్ సిలిండర్ మీద కూడా బొమ్మలు వేసేవాడు. ఆ ఊపు తగ్గాక వారాల తరబడి గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం పెడితే కంచం పక్కకి నెట్టేవాడు. ప్రార్థన పెట్టిస్తే తగ్గిపోతుందని చర్చిలో కొందరు అన్నారు. "ప్రార్థన నేను చేసుకుంటాను, మందు డాక్టరుగారు ఇస్తారు" అని అమ్మ వాణ్ణి మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లింది. ఆ మాటకు ఆమెతో మాట్లాడడం మానేసినవాళ్లు కూడా ఉన్నారు.

ఒక ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి డాబా మీంచి పొగ వస్తోంది. తమ్ముడు తను వేసిన కాన్వాసులన్నీ కుప్ప చేసి, టర్పెంటైన్ పోసి అంటించేశాడు. పక్కనే గోడకి ఆనుకుని కూర్చుని చూస్తున్నాడు. అమ్మ బైబిలు నా చేతిలో పెట్టి, చర్చికి కట్టుకున్న తెల్ల చీరతోనే వెళ్లి మంటలోంచి రెండు బొమ్మలు లాగింది. కుడిచేతి వేళ్లు కాలిపోయాయి.

"ఎందుకమ్మా, చెత్త అది" అన్నాడు వాడు.

"చెత్తో కాదో నీకు నయమయ్యాక చూద్దాంలే" అంది అమ్మ.

ఆమె వేళ్లు రెండు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు.

మందులు పట్టి తమ్ముడు కోలుకున్నాక, వాడి స్నేహితుడొకడు ఆ రెండు బొమ్మల్నీ బంజారా హిల్స్‌లోని ఒక గ్యాలరీకి పట్టుకెళ్లాడు. అంచులు కాలిన ఆ కాన్వాసుల ముందు జనం ఆగిపోయారట. పేపర్లలో రాశారు. ఢిల్లీ పిలిచింది, ముంబై పిలిచింది. వాడు బంజారా హిల్స్‌లోనే ఇల్లు తీసుకున్నాడు. మా ఇంటికి రావడం క్రిస్మస్‌కి మాత్రమే అయింది. అయినా అమ్మకి బాధ లేదు. మనిషి మనిషిగా తిరుగుతున్నాడు కదా అనేది.

సినిమా విడుదలకి ముందు పంజాగుట్టలోని మాల్‌లో ప్రత్యేకంగా ఒక ఆట వేశారు. అమ్మ పట్టుచీర కట్టుకుంది. తమ్ముడు ముందు వరుసలో హీరో పక్కన కూర్చున్నాడు. మేం వెనక కూర్చున్నాం.

తెర మీద తల్లి మెడలో పెద్ద శిలువ వేసుకుని, జుట్టు విరబోసుకుని, "ఇవి సాతాను బొమ్మలు" అని అరుస్తూ కొడుకు బొమ్మలకి నిప్పు పెట్టింది. కొడుకు ఆమె కాళ్ల మీద పడి ఏడ్చాడు. ఎక్కడినుంచో హీరోయిన్ పరుగెత్తుకొచ్చి మంటలోంచి రెండు బొమ్మలు లాగింది. మా వెనక ఎవరో "గసుంటి తల్లులు సుత ఉంటరా" అన్నారు.

అమ్మ నా చెవి దగ్గరకి వంగి, "ఆవిడెవరే?" అని అడిగింది.

"నువ్వేనమ్మా" అన్నాను.

అమ్మ కుడిచేతికి కొంగు చుట్టుకుని చివరిదాకా చూసింది. సినిమాలో డాక్టరు లేడు, మాత్రలు లేవు. ఆ హీరోయిన్ ప్రేమతోనే అతనికి అంతా నయమైపోయింది.

బయట కెమెరాలవాళ్లు వదిలాక తమ్ముడు మా దగ్గరకొచ్చాడు.

"నేనెప్పుడు కాల్చానురా?" అంది అమ్మ.

"సినిమా కదమ్మా. ఎవరో ఒకరు చెడ్డవాళ్లు ఉండాలి."

"నీకు ముందే తెలుసా?"

"కథ చదివే ఒప్పుకున్నా. నేనే కాల్చుకున్నానంటే జనం నన్ను పిచ్చోడనుకుంటారు. నువ్వైతే ఏముంది? నిన్నెవరు గుర్తుపడతారు?"

నేను ఏదో అనబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని మెట్రో వైపు నడిపించింది.

సినిమా బాగా ఆడింది. తర్వాత టీవీలో ఒకావిడ తమ్ముణ్ణి అడిగింది, "మీ అమ్మగారిని క్షమించగలిగారా?" అని. వాడు తల దించుకుని, "క్షమించాను" అన్నాడు. అమ్మ నా పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "క్షమించాడంట" అని గిన్నె నా ముందుకు జరిపింది. ఆ రోజు కూర నేనే వండాను.

కట్టు కట్టిన చేత్తో అమ్మని చూసినవాళ్లు, ఆ రోజుల్లో మాకు క్యారేజీలు తెచ్చిచ్చినవాళ్లు మా చర్చిలోనే ఉన్నారు. వాళ్లు కూడా సినిమానే నమ్మారు. పాస్టరమ్మ అమ్మ భుజం మీద చెయ్యి వేసి, "తెలియక చేసుంటారు. దేవుడు అన్నీ మాఫ్ చేస్తాడమ్మా" అంది. ఆమె ప్రేమగానే అంది. అమ్మ ఆ చెయ్యి తీసేసి బయటికొచ్చింది. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఇప్పుడు ఆదివారాలు బోరబండలో రేకుల కప్పున్న చిన్న చర్చికి వెళ్తున్నాం. కూలిపనులకు వెళ్లే కుటుంబాలే ఎక్కువ అక్కడ. మేమెవరో ఎవరికీ తెలియదు. మొన్న ఆరాధన అయ్యాక టీ తాగుతుంటే పక్కనున్న ఆమె ఆ సినిమా సంగతి ఎత్తింది. "ఫోన్ల చూసిన. మస్తు ఏడుపొచ్చింది. మీరు చూసిండ్రా అమ్మా?"

"లేదమ్మా" అంది అమ్మ.

"మీకు పిల్లలెంతమంది?"

అమ్మ నా వైపు చూపించింది. "ఇదొక్కతే."

ఆమె నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను.