బావ తెచ్చిన ఫ్లాపీ

మా చిన్నప్పుడు... జమ్మికుంటలో మా ఇంటికి ఎవరొచ్చినా చెప్పులతో పాటు ఫ్లాపీలు కూడా గడప బయటే వదిలి రావాలి! నవ్వకండి, నిజం.

మా నాన్న, బాపుది, రైతుల పత్తిని కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం. బస్తా పైన ఉన్న పత్తిని ఆయన ఏనాడూ నమ్మలేదు. మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి పిడికెడు లాగి చూసేవాడు. ఇంట్లో కూడా అదే చూపు... పాలవాడి మీద, కరెంటు మీటరు మీద, నా మార్కుల మీద కూడా.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు కంప్యూటర్ కొన్నాడు. నెల తిరక్కుండానే అమ్మినాయన మళ్ళీ వచ్చి, "సేటూ, దీనికి యాంటీవైరస్ ఏపియ్యాలె, లేకుంటే కరాబైతది" అన్నాడు. బాపు ఆయన్ని కిందికీ మీదికీ చూశాడు.

"మొన్న మంచిగున్నదని అమ్మినవ్. ఇయ్యాల రోగమొస్తదని మందు అమ్ముతున్నవ్. నువ్వే రోగం పెడుతున్నవో ఏమో, ఎవలకెరుక?"

అలా యాంటీవైరస్ వద్దని తీర్పు అయిపోయింది. బదులుగా బయటి ఫ్లాపీ ఏదీ మా కంప్యూటర్‌లో పెట్టకూడదని రూలు పెట్టాడు. కాపలా నేనే.

రజిత నా క్లాసే. వాళ్ళ నాయన పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు. దీపావళి లోపు తెలుగు టైపింగ్‌లో చెయ్యి తిరిగితే పెండ్లి కార్డుల షాపులో పని ఇస్తామన్నారట. టైపింగ్ నేర్పే సెంటర్‌లో కంప్యూటర్ దొరికేది రోజుకు అరగంటే... అందుకే సాయంత్రాలు మా ఇంట్లో ప్రాక్టీస్ చేసేది. తన పాఠాల ఫ్లాపీని మాత్రం బుద్ధిగా కిటికీలో పెట్టి వచ్చేది. దసరా ముందు రోజు నాకే జాలేసి, బాపు లేనప్పుడు ఆ ఫ్లాపీ మా కంప్యూటర్‌లో పెట్టాను. పోతూ పోతూ రజిత దాన్ని నా సొరుగులోనే మర్చిపోయింది.

పండక్కి అక్కాబావా వచ్చారు. బావ జేబులోంచి ఓ ఫ్లాపీ తీసి, జాతకాలు చూసే ప్రోగ్రాం అన్నాడు. నేను బాపు వైపు చూశాను. బాపు లేచి తన కుర్చీ బావకు వేశాడు. అల్లుడు తెచ్చిన దాన్ని అనుమానించడమా! మధ్యాహ్నమంతా అందరి జాతకాలూ చూశాం. నాకు పై చదువు యోగం ఉందన్నాడు బావ, మా అమ్మ మురిసిపోయింది.

వాళ్ళు వెళ్ళిన మర్నాడు కంప్యూటర్ లేవలేదు. నల్లటి తెర మీద చిన్న తెల్ల గీత ఒక్కటే కొట్టుకుంటోంది.

"ఎవల డిస్కు పెట్టినవే?" అన్నాడు బాపు.

"రజితది..." అన్నాను. బావ పేరు నా నోటికే రాలేదు. దాచాలని కాదు, అసలు తట్టలేదు.

సాయంత్రం రజిత వచ్చింది. "పెద్దబాపూ, అండ్ల పాఠాలే ఉన్నయి. గావాలంటే సూపిస్త" అంది. బాపు తిట్టలేదు. "ఇగ నువ్వు రాకు బిడ్డా" అన్నాడు, అంతే. రోజూ ఫ్లాపీ పెట్టే కిటికీ వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

వారానికి కంప్యూటర్ అమ్మినాయనే వచ్చి బాగుచేశాడు. యాంటీవైరస్ వేసి ఇంట్లో ఉన్న ఫ్లాపీలన్నీ చూశాడు. రజితది శుభ్రంగా ఉంది. బావ మర్చిపోయిన జాతకాల ఫ్లాపీ పెట్టగానే కంప్యూటర్ కుయ్యిమని అరిచింది.

బాపు ఆ ఫ్లాపీని తీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "గీ ముచ్చట గడప దాటద్దు. అల్లుడేమనుకుంటడు?" అన్నాడు.

దాటలేదు. రజితను పిలవమని బాపు అనలేదు, నేనూ అడగలేదు. దీపావళి వెళ్ళిపోయింది. షాపులో పని ఇంకెవరికో ఇచ్చారు. తర్వాత ఓ రోజు రజిత వాకిట్లో చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ కనిపించింది. ఆ వేళ్ళు కీబోర్డు మీద ఎంత బాగా పరిగెత్తేవో నాకు తెలుసు. తల దించుకుని వచ్చేశాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇప్పుడు మా ల్యాప్‌టాప్ ఎవరి పెన్‌డ్రైవ్ పెట్టినా ముందు తనిఖీ చేస్తుంది. చుట్టమా, పక్కింటివాళ్ళా అని చూడదు. అప్పట్లో మా ఇంట్లో అందరినీ అనుమానించాం, అనుమానించాల్సిన ఒక్కరిని తప్ప...

మీ ఇంట్లోనూ ఇలా ఎవరి మీదైనా నింద పడిందా? పడి ఉంటే కింద రాయండి, వాళ్ళ పేరుతో సహా.

నేనూ రాస్తున్నాను. రజితా, నీ ఫ్లాపీ ఇంకా నా దగ్గరే ఉంది. అందులో ఏమీ లేదే... పాఠాలే ఉన్నాయి.