ముందు పొయ్యి ఎవరెత్తాలి

మా అబ్బాయి పోయాడు. ఏలూరు హైస్కూలులో సైన్సు చెప్పేవాడు కనుక మీలో కొందరికి తెలిసే ఉంటాడు. విషజ్వరం. మేము బండి కట్టించుకుని బయలుదేరే లోపలే కబురు వచ్చింది. తెచ్చినాయన మా గుండుగొలను ఇంటి ముందు చెప్పులు విప్పి, గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఆ నిలబడడంలోనే నాకు తెలిసిపోయింది.

నేను మిషను బడిలో మూడో తరగతితో మానేసినదాన్ని. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. ఏడుపు చెప్పుకుందామని కూర్చోలేదు. వాడి వల్ల నాకు కాస్త చూపు వచ్చింది. ఆ మాట నలుగురికీ చెప్పాలనిపించింది.

నా పుట్టిల్లు కొల్లేటి మధ్యన ఒక లంక. వానాకాలం తమ్మిలేరు, బుడమేరు పొంగితే చుట్టూ నీళ్ళే. అక్కడ రేవులో మావాడు ఒక తాటి కర్ర పాతి, నీటి మట్టం చూసుకోవడానికి దానికి కత్తితో గంట్లు పెట్టాడు. శెలవులకు వచ్చినప్పుడల్లా దోనె మీద వెళ్ళి చూసుకునేవాడు. ఏలూరు స్టేషనులో రైలు దిగినవాళ్ళను ఆపి, "ఎగువన వాన పడిందాండీ?" అని అడిగేవాడట. చెవి మీద పెన్సిలు, నోట్లో లెక్క. "నీళ్ళు అబద్ధం ఆడవమ్మా" అనేవాడు.

ఒక ఏడు, ఫలానా రోజుకు నీళ్ళు ఇళ్ళలోకి వస్తాయి, ముందే మా ఊరి గట్టుకు వచ్చెయ్యండని లంకలో ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చాడు. చెప్పిన రోజుకే వచ్చాయి. మనుషులు మాత్రం కదల్లేదు. మోకాలి దాకా వచ్చాక కదిలారు. విత్తనాల వడ్లు నానిపోయాయి, మా వదిన దూడ కొట్టుకుపోయింది. వాడికి ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. "నీళ్ళు చెప్పినట్టు వచ్చాయి, మనుషులు చెప్పినట్టు చెయ్యలేదు. మూఢులమ్మా వీళ్ళు" అన్నాడు.

వాడి కోపాన్ని కడిగింది మా వదినే. లంకలో పెద్దిల్లు ఆవిడదే. గట్టు మీద తడి చీరలు ఆరేస్తూ అంది, "అల్లుడూ, నీ మాట నమ్మలేదని ఎవరన్నారు? నీళ్ళు వస్తాయని చెప్పావు, వచ్చాయి. సరే. మరి ముందు పొయ్యి ఎవరెత్తాలి? అది నీ కర్ర చెప్పలేదే."

"పొయ్యికేమయింది అత్తా?"

"ముందు ఎత్తినవాళ్ళు మిగతావాళ్ళను నీళ్ళలో వదిలేసి పోయినట్టు కాదూ? వాళ్ళకు ఆ ఏడంతా ఎవరూ నిప్పివ్వరు. నిప్పు పుట్టని ఇంట్లో ఎవరుంటారయ్యా?"

ఇల్లు వదిలేటప్పుడు మట్టి పొయ్యిని నిప్పుతో సహా దోనెలోకి ఎత్తుకుపోవడం, ముందెత్తిన ఇంటిని వెలివేసినట్టు చూడడం, ఆ ఆచారం నాకూ తెలుసు. ఊపిరి తీసుకున్నట్టు తెలుసు కనుక ఎప్పుడూ నోటికి రాలేదు. వాడు మాత్రం ఆ రోజు పెన్సిలు తీసి జేబులో పెట్టుకుని, ఆవిడ చీరలన్నీ ఆరేసేదాకా కూర్చుని అడుగుతూనే ఉన్నాడు. అప్పటి నుంచి నన్నూ అడిగేవాడు. ఇది ఎందుకు చేస్తావు, అలా చేస్తే నీకేమనిపిస్తుంది అని. నేను చేసేవాటికి ఒక అర్థం ఉందని, దాన్ని నన్నడిగి తెలుసుకోవాలని ఒకరనుకోవడం నా పుట్టుకలో అదే మొదలు.

కొత్త వసారా వేసి పాలు పొంగించిన రోజు నా పక్కన నిలబడి అన్నాడు, "చూడమ్మా, నిన్న పాలు పొంగితే అయ్యో అని దించావు. ఇవాళ పొంగితే దణ్ణం పెడుతున్నావు. థర్మామీటరు పెడితే రెండు రోజులూ ఒకటే చెబుతుంది."

"అయితే దణ్ణం మానెయ్యమంటావా?"

"మానొద్దు. నేనే థర్మామీటరు దగ్గర ఆగిపోకూడదంటున్నాను."

మా ఇంటాయన, "వీడికి ఏం చూసి జీతమిస్తున్నారో" అని నవ్వారు.

వాళ్ళ బడి లెక్కల మాస్టారు ఒకసారి మా ఇంట్లో భోంచేస్తూ, "కొలిస్తేనే శాస్త్రమండీ. ఆడవాళ్ళ కబుర్లు శాస్త్రమెలా అవుతాయి?" అన్నారు.

"ఆ కబుర్లు వినకే కదండీ నా లెక్క తప్పింది" అన్నాడు మావాడు. "నీళ్ళ గురించి నేనేమన్నా నీళ్ళకు వినపడదు. మనుషులకు వినపడుతుంది. విన్నాక వాళ్ళు ఇందాకటి మనుషులు కారు. అందుకే ఆ శాస్త్రం కష్టం. కష్టమని తక్కువది కాదు."

"పులుసు చల్లారుతోంది, శాస్త్రాలు తరవాత" అన్నాను. ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు.

అలాగని వాడు కర్ర పీకి పారెయ్యలేదు. మరుసటి ఏడు వానలకు ముందే లంకకు వెళ్ళి, ఇల్లిల్లూ మళ్ళీ తిరిగాడు. ఈసారి చెప్పడానికి కాదు, అడగడానికి. ఏ గంటు దాకా నీళ్ళొస్తే అందరూ ఒక్కసారే పొయ్యిలెత్తుతారు? పోట్లాడుకుని, ఎగతాళి చేసుకుని, చివరికి ఒక చోటు ఒప్పుకున్నారు. మా వదినే కొడవలితో గంటు కొట్టి, "ముందెవరు ఎత్తారంటే కర్రెత్తిందని చెబుతాం. దానికి నిప్పివ్వకపోయినా ఏం కాదుగా" అంది. ఆ ఏడు గింజ తడవలేదు.

నేను పొంగిపోతే వాడు పొంగలేదు. "వచ్చే ఏడూ నీళ్ళు ఇలాగే వస్తాయని చెప్పగలనమ్మా. వాళ్ళు ఇలాగే కదులుతారని చెప్పలేను. మళ్ళీ వెళ్ళి అడగాలి" అన్నాడు.

ఈ ఏడు అడగడానికి వాడు లేడు. వాడు పోయిన వారంలోనే ఎగువన వానలు. ఇంట్లో ఒకటే దిగులు నాకు. ఆ గంటు వాడి మొహం చూసి నిలబడిందా, వాళ్ళ మాట మీద నిలబడిందా? వాడితోనే అదీ పోయిందా? ఉండబట్టలేక గట్టు మీదకు వెళ్ళాను.

నీళ్ళ మీద దోనెలు వస్తున్నాయి. ఒకదాని వెనక ఒకటి కాదు, పక్కపక్కనే, చాప పరిచినట్టు. ప్రతి దోనెలోనూ ఒక మట్టి పొయ్యి, దానిలోంచి సన్నగా పొగ. అన్ని పొగలూ కలిసి ఒకే వైపు వాలాయి.

మా వదిన దోనె గట్టుకు ఆనింది. "ముందెవరెత్తారు వదినా?" అన్నాను.

"కర్రెత్తింది అమ్మాయ్" అంది. ఆవిడ తన పొయ్యిలోంచి నిప్పు తీసి కుండపెంకులో వేసి నా చేతికిచ్చింది.

"దినాలు కాలేదు వదినా. పొయ్యి వెలిగించకూడదు."

"తెలుసు. వెలిగించకు. ఆరిపోకుండా ఉంచు."

కొంగు అడ్డం పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఇది రాస్తుంటే ఆ నిప్పు నా పక్కనే పెంకులో బూడిద కింద ఉంది. పిడక ముక్క మార్చినప్పుడల్లా ఎర్రగా కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకుంటోంది.