ఆరింటి నొప్పి

మా ఆయన ఎయిర్‌పోర్ట్ దగ్గర క్యాబ్ నడుపుతాడు. పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం, పార్కింగ్ లైన్లో తన వంతు వదులుకొని ఇంటికొచ్చాడు. చొక్కా చెమటతో తడిసి ఉంది. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుందన్నాడు. వంతు వదిలేసి రావడం నేనెప్పుడూ చూడలేదు. పాపను చంకనేసుకొని, ఆటోలో శంషాబాద్‌లోనే ఒక దవాఖానకు తీసుకెళ్లాను.

ఈసీజీ బాగానే ఉందన్నారు. రక్తం తీసుకున్నారు. గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ అనేది రక్తంలో పెరుగుతుందట. నొప్పి ఎప్పుడు మొదలైందని డాక్టరమ్మ అడిగితే, "పొద్దున ఆరింటికి" అన్నాడు, తడుముకోకుండా.

ఆ తడుముకోకపోవడమే నాకు నచ్చలేదు. ఏం తిన్నావంటే కూడా ఆలోచించి చెప్పే మనిషి.

గంటకు రిపోర్టు వచ్చింది. నార్మల్.

"ఇన్ని గంటల తర్వాత కూడా ఇంత తక్కువుందంటే గుండెపోటు కాకపోవచ్చు. ఇప్పుడిప్పుడే మొదలైన నొప్పయితే, ఆగి మళ్లీ రక్తం చూసేవాళ్లం" అంది ఆవిడ.

ఆయన అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు.

ఆరింటికి ఆయన నిద్రలో ఉన్నాడు. పదకొండింటికి నేను ఫోన్ చేస్తే నవ్వుతూ మాట్లాడాడు.

"మేడం, ఆరింటికి కాదు" అన్నాను.

"ఏందే, నొప్పి నీకా నాకా?"

"నీకే. ఆరని చెప్పుమని ఎవరు చెప్పిండ్రు?"

"పార్కింగ్‌ల డ్రైవరన్నలు. ఇప్పుడే అంటే సాయంత్రం దాకా పండబెడతరంట. పొద్దున్నుంచి అంటే ఒక్క టెస్టుతోని ఇడిసిపెడతరంట."

"మరి నిజంగా ఎప్పుడు?"

"పన్నెండున్నరకు."

"ఆ అన్నల్నే రమ్మనండి, నా డ్యూటీ కూడా చేస్తారు" అని డాక్టరమ్మ ఆయన్ని మళ్లీ మంచం ఎక్కించింది.

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇప్పుడు నాకు డాక్టరమ్మ మీదా అనుమానమే. ఇంకో టెస్టు బిల్లుకు నేనే దారి చూపించానా? పన్నెండున్నర అన్నది మాత్రం నిజమేనని ఏంటి నమ్మకం?

నాలుగున్నరకు మళ్లీ రక్తం తీశారు. ఈసారి అంకె చాలా పెరిగింది. ఆవిడ నాతో మాట పూర్తిచేయకముందే స్ట్రెచర్ వచ్చింది.

స్టెంటు వేశారు, మనిషి దక్కాడు. అంతకుముందు, లోపలికి తోసుకెళ్తుంటే తల తిప్పి నన్ను అడిగాడు:

"పాపకు అన్నం పెట్టినవా?"

పెట్టలేదు. మధ్యాహ్నం నుంచి దానికి రెండు బిస్కెట్లే.

"పెట్టిన" అన్నాను, తడుముకోకుండా.