కత్తిరించిన అంచులు

నేను మొదటిసారి ఆ ఇంటికి వెళ్లింది రవిక కుట్టించుకోవడానికి. తొంభైల మధ్యలో పుంగనూరులో ఒక బడిలో తెలుగు చెప్పేదాన్ని. కాపురం మదనపల్లెలో, రోజూ బస్సులో రాకపోకలు. కుట్టే ఆవిడ కొలతలు తీసుకుంటుంటే లోపలి గదిలోంచి పాట వినిపించింది. మంగళహారతే గాని, నేనెన్నడూ వినని వరస. రెండో పాదం చివర గొంతు ఆగినట్టే ఆగి, మళ్లీ మెల్లగా కిందికి దిగింది.

"మా అమ్మ. కండ్లు కనపడవు. పాడుకుంటా ఉంటాది," అంది కూతురు.

రవిక నెపంతో మొదలైన రాకపోకలు అలాగే సాగాయి. సాయంత్రం బడి వదిలాక అరగంట ఆ ముసలమ్మ దగ్గర కూర్చునేదాన్ని. వాళ్ల కథ అప్పుడే తెలిసింది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆమె తాత, తాత తమ్ముడు పాటల పుస్తకాలు వేసేవారట. తాత పెద్దపంజాణి, గుర్రంకొండ వైపు ఊళ్లన్నీ తిరిగి భజన కీర్తనలు, హారతులు, వీధినాటకాల పాటలు రాసుకొచ్చేవాడు. తమ్ముడు మద్రాసులో ఉండి వాటిని అచ్చు వేయించేవాడు. ఆ అన్నదమ్ముల ఉత్తరాలు ఒక రేకు పెట్టెలో ఉండేవి.

ఒకరోజు ఆ పెట్టె నా ముందుకు జరిపింది.

"నువ్వు సదువుకున్న దానివి. కొన్ని తీసకపోయి నిదానంగా సదువుమ్మా. ఈడ సదివేవాళ్లు ఎవురుండారు? అంచులు మాత్రం బద్రం."

కాగితాలు చేతిలోనే పొడిపొడిగా రాలుతున్నాయి. అంచులు భద్రమంటే చినిగిపోకుండా చూసుకోమనే అనుకున్నాను. నలభై ఉత్తరాలదాకా పాత చీర ముక్కలో చుట్టి మదనపల్లె తెచ్చాను.

ఆ రోజుల్లో మా ఊళ్లో అందరికీ లామినేషన్ మీదే మోజు. సర్టిఫికెట్లు, దేవుడి పటాలు, రేషన్ కార్డులు, దేనికైనా ప్లాస్టిక్ తొడిగించేవాళ్లు. ఈ ఉత్తరాలను కాపాడాలంటే ఇదే దారి అనిపించింది. ఎవరినీ అడగలేదు. ఆ ముసలమ్మనూ అడగలేదు. బస్టాండు దగ్గరి షాపులో కట్ట విప్పాను.

"అంచులన్నీ చినిగిపోయుండాయి మేడమ్. కత్తిరించి ఏస్తే నీట్‌గా వస్తాది," అన్నాడు షాపాయన.

"సరే, కత్తిరించండి," అన్నాను.

కాగితం పీలికలు బల్ల కింద పడుతుంటే ఒక దాని మీద సన్నని గీతలు, పొట్టి పొట్టి అక్షరాలు కనిపించాయి. పిల్లలెవరో గీసిన పిచ్చిగీతలనుకున్నాను. వంగి తీసి చూసే తీరిక నాకుంది. తీయలేదు. ఆ సంగతి నేనెప్పటికీ మరిచిపోలేను.

వారం తర్వాత మెరిసే ఆ ఉత్తరాలను గర్వంగా ఆమె ఒళ్లో పెట్టాను. ముసలమ్మ వేళ్లతో తడిమింది. తిప్పి మళ్లీ తడిమింది.

"కాగితం యాడమ్మా?"

"లోపలే ఉంది. ఇక చినగదు."

"మంచిది తల్లీ. మా జేజి రాసింది సదువు. అంచున రాసుంటాది సూడు."

నాకు అర్థం కాలేదు. ఆమె నిదానంగా చెప్పింది. జేజి అంటే వాళ్ల నాయనమ్మ, పాటలు రాసుకొచ్చిన ఆ తాత భార్య. మద్రాసు నుంచి మరిది ఒక్కో పాట సాపు రాసి సరిచూడమని పంపితే, ఆ ఉత్తరం పక్కనే జేజి వరస గుర్తు పెట్టుకునేది. ఏ అక్షరం ఎంతసేపు లాగాలి, ఎక్కడ ఆగాలి, ఏ ఊరి ఆడవాళ్లు ఎలా పాడతారు. పుస్తకాల్లో మాటలు మాత్రమే అచ్చయ్యేవి. వరస మాత్రం ఆ అంచుల మీదే ఉండేది.

షాపు బల్ల కింద పడిన పీలికలు గుర్తొచ్చాయి.

"చెరిగిపోయిందమ్మా," అన్నాను. "కనిపించడం లేదు."

"అంతా చెరిగిపొయ్యిందా?"

"అంతా."

ఆమె ఒళ్లోని ఉత్తరాలన్నీ ఒకచోట చేర్చింది. తర్వాత నన్నే ఓదార్చింది. "పోనీలే. నువ్వేం సేస్తావు, పాతబడిపొయ్యుండాయి. నాకు కొన్ని వస్తాయి. రోజుకొకటి పాడతాను, రాసుకో."

ఆ మాట పట్టుకుని ఉండాల్సింది. టేప్ రికార్డర్ తీసుకువెళ్లి ఉండాల్సింది. కానీ ఆ అబద్ధం తర్వాత ఆమె ముందు కూర్చోవడం నావల్ల కాలేదు. పరీక్ష పేపర్లున్నాయని ఒకసారి, ఒంట్లో బాగోలేదని ఒకసారి తప్పించుకున్నాను. రెండుసార్లు వెళ్లాను గాని గడప దగ్గరే నిలబడి వచ్చేశాను. వేసవి సెలవులయ్యాక మదనపల్లెకే బదిలీ అయింది. మరుసటి ఏడాది ఆమె పోయిందన్న సంగతి బస్సులో కలిసిన పాత విద్యార్థిని చెప్పింది.

పరామర్శకు వెళితే కూతురు పెట్టె మొత్తం నాకిచ్చేసింది. "నీ గురించి అడగతానే ఉండె. టీచరమ్మ రాలేదా అని."

రెండు వేల సంవత్సరం దాటాక, ప్లాస్టిక్ లోపల ఉత్తరాలు గోధుమరంగుకు తిరగడం చూసి భయపడ్డాను. కుప్పంలో పాత కాగితాలు భద్రపరిచే పని తెలిసిన ఒకావిడ ఉందంటే పెట్టె తీసుకుని వెళ్లాను. ఆమె ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసింది. ప్లాస్టిక్ విప్పబోతే అక్షరాలు కూడా ఊడొస్తాయని చెప్పింది. పెట్టెలో మిగిలిన ఉత్తరాల్లో మూడింటి అంచుల మీద జేజి చేతిరాత ఉంది. మిగతావి ఒట్టి వ్యవహారాల ఉత్తరాలు.

"ఇంత సమంగా ఉండాయే, అంచులు ఎవురు కత్తిరించినారు?" అని అడిగింది.

అంతదాకా ఎవరికీ చెప్పలేదు. "నేనే," అన్నాను. జరిగిందంతా చెప్పాను. ముసలమ్మతో ఆడిన అబద్ధం కూడా చెప్పాను. ఆమె ఒక తెల్లకాగితం ఇచ్చి, చెప్పిందంతా రాసి సంతకం పెట్టమంది. "రేపు చూసేవాళ్లకు తెలియాల గదా," అంది.

రాశాను. ఆ కాగితాన్ని ఉత్తరాల పైన పెట్టి, చిన్న టేప్ రికార్డర్ నా ముందుకు తోసింది.

"గుర్తున్నంత పాడండి."

ఆ హారతి పల్లవి వచ్చింది. మొదటి చరణం సగం దాకా వచ్చింది. ఆ తర్వాత వరస ఎటు వెళ్లేదో ఎంత వెతుక్కున్నా గొంతుకు అందలేదు. ఆవిడ కాసేపు చూసి, మెల్లగా బటన్ నొక్కి ఆపేసింది.