విలన్‌కి మూడు వందల ఏళ్ల కరువు

మా వెంకటరామారావు మాస్టారికి ఒకటే జబ్బు: విలన్ మీద జాలి. కథలో దుర్మార్గుడు కనిపిస్తే, వాడు ఎందుకలా అయ్యాడో తేలేదాకా ఆయనకి అన్నం సయించేది కాదు. 2003 దాకా బాగానే ఉన్న మనిషి!

ములకలపల్లి దగ్గర హైస్కూల్లో ఆయన సైన్సు, నేను లెక్కలు చెప్పేవాళ్లం. ఏటా వార్షికోత్సవానికి ఆయన అంతరిక్ష నాటకం రాసేవారు. హీరోని నేను. విలన్ మా అటెండర్ బొజ్జయ్య. అతను నవ్వితే రేకుల షెడ్డు మీద రాళ్లవాన పడ్డట్టుండేది.

2004లో విలన్ గ్రహాంతర రాజు. పైపు వేసి గోదావరిని పైకి లాగేస్తుంటాడు. నేను టార్చిలైటు తుపాకీతో కాల్చాలి. అంతే కదా అనుకున్నాను.

రిహార్సల్లో మాస్టారు ఆపారు. "ఆగండి రాంబాబు గారూ. వాళ్ల గ్రహంలో మూడు వందల ఏళ్లుగా వానల్లేవండీ."

"అయితే చంపొద్దా సార్?"

"చంపండి. కానీ తెలిసి చంపండి."

మర్నాడు రాజుగారికి ఎండిన బావులొచ్చాయి. ఆ మర్నాడు నాలుకలు పిడచకట్టిన ప్రజలొచ్చారు. వారం తిరిగేసరికి నాకు గోదావరి మీదే కోపమొచ్చింది.

బొజ్జయ్య తల గోక్కున్నాడు. "సార్, నేను నవ్వాల్నా, ఏడ్వాల్నా? ఏదో ఒకటి జెప్పుండ్రి."

"రెండూను."

"చివరి పేజీ ఏది సార్?" అన్నాన్నేను.

"వాడి తప్పెక్కడుందో నాకే తేలడం లేదండీ. తేలగానే ఇస్తాను."

నాటకం రోజు వచ్చింది. పేజీ రాలేదు. బొజ్జయ్య కరువు గురించి చెప్పి గుండెలు బాదుకున్నాడు. నేను తుపాకీ ఎత్తాను. "కాల్చు సారూ!" అని ఓ మూల నుంచి, "ఆగుండ్రి, పాపం!" అని ఇంకో మూల నుంచి అరుపులు. ముందు వరసలో హెడ్మాస్టరు పక్కాయన్ని అడుగుతున్నారు: "ఇంతకీ మనం ఎవరి పక్షమండీ?"

నాకు చెమటలు పట్టాయి. నోటికొచ్చింది అనేశాను. "రాజా, ఎన్ని బిందెలు కావాలి?"

బొజ్జయ్య తెల్లబోయాడు. "రెండు... రెండు చాలు సార్!"

తెర దించేశారు.

మర్నాడు స్టాఫ్‌రూములో మాస్టారిని పట్టుకున్నాను. "పరువు పోయింది సార్! విలన్ అన్నాక చెడ్డవాడైతే చాలదా?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. "నిరుడు నాటకంలో మీరు బొజ్జయ్యని కొడుతుంటే వాళ్లమ్మ భీమక్క లేచి వెళ్లిపోయిందండీ. కుళాయి దగ్గర ఏడుస్తూ కూర్చుంది. 'నా కొడుకు ఏం జేసిండని ఏటేటా కొడుతరు?' అంది. నాటకమమ్మా అన్నాను. 'నాటకంల గూడ ఏం జేసిండు?' అంది. చూసుకుంటే నేనేమీ రాయలేదు. ఉత్తినే నవ్వాడంతే."

"పోనీ, బొజ్జయ్యకే హీరో వేషం ఇవ్వకపోయారా?"

"ఇస్తానన్నాను. 'నా నవ్వు ఏంగావాలె సారూ?' అన్నాడు."

అంతలో భీమక్కే వచ్చింది. కొంగులోని రేగుపండ్లన్నీ నా ముందు పోసింది.

"నిన్న ఆఖరుదాంక కూసున్న బిడ్డా. నా కొడుకును కొట్టలే నువ్వు. సల్లగుండు."

"అవ్వా, అసలు రాసింది ఈయన..." అనబోయాను. మాస్టారు నా కాలు తొక్కారు.

"ఈ సారుకు మాత్రం ఒక్కటియ్యకు," అంది భీమక్క. "గిన్నేండ్లు కొట్టిచ్చింది ఈయననే."

"నిజమేనమ్మా," అన్నారు మాస్టారు వినయంగా. చాక్‌పీసు తీసుకుని, చిరునవ్వు దాచుకుంటూ ఎనిమిదో తరగతికి వెళ్లిపోయారు.